పౌలు రాసిచ్చిన ప్రోనోటు

కొత్త నిబంధనలో తీతు పత్రిక ముగిసి హెబ్రీ పత్రిక మొదలయ్యే లోపు ఒక చిన్న ఉత్తరం ఉంది. రెండు కాగితాలు అంటుకుపోతే కనబడకుండానే దాటిపోతుంది. మొత్తం 25 వచనాలు, గ్రీకు మూలంలో 335 మాటలు. పౌలు పేరుతో మనకు దక్కిన పత్రికల్లో ఇంతకంటే పొట్టిది లేదు. సిద్ధాంత చర్చ లేదు, సంఘాన్ని దిద్దే ఆదేశాలు లేవు, సిలువ ఊసు లేదు, పునరుత్థానం ఊసూ లేదు. ఫిలేమోను అనే యజమానికీ, అతనితో చెడి ఇల్లు విడిచిన ఒనేసిము అనే బానిసకూ మధ్య పొత్తు కుదర్చడానికి చెరలో ఉన్న ఒక ముసలాయన రాసిన సిఫారసు ఉత్తరం, అంతే. ఇలాంటి ఇంటి వ్యవహారానికి లేఖనాల్లో చోటెందుకని 4వ శతాబ్దంలోనే కొందరు పెదవి విరిచారు. సంఘ పితరులు జెరోము, క్రిసోస్తం వాళ్లకు జవాబు చెప్పవలసి వచ్చింది.

క్షమించమని చెప్పే చోట్లు బైబిల్లో చాలానే ఉన్నాయి. క్షమించడానికి ఒక మనిషికి వీలు కల్పించాలంటే పక్కవాడు ఏమేం పనులు చేయాలో భాగాలు విప్పి చూసుకోగలిగినది మాత్రం, నాకు తెలిసినంతలో, ఈ ఉత్తరమే. అందుకే దీన్ని ఒక పనిముట్టును చూసినట్టు చూడాలనిపిస్తుంది.

ముందు తెలిసిన సంగతులు. అవి తక్కువే. ఫిలేమోను ఉన్నవాడు. అతిథికి గది ఇవ్వగల ఇల్లు, ఆ ఇంట్లోనే కూడే సంఘం, చాకిరీకి బానిస. ఊరు కొలొస్సయి అనుకోవడానికి ఆధారం కొలొస్సయి పత్రికలో ఉంది. అక్కడ ఒనేసిమును ఆ ఊరివాడుగానే చెప్పారు. నేటి టర్కీలో దెనిజ్లికి దగ్గర్లో, హోనాజ్ పక్కన, ఆ ఊరి దిబ్బ ఇప్పటికీ ఉంది. గొడవ ఏమిటో ఉత్తరం చెప్పదు. ఒనేసిము దొంగిలించి పారిపోయాడన్న కథ క్రిసోస్తం కాలానికే స్థిరపడిపోయింది. యజమానితో చెడినప్పుడు అతని స్నేహితుణ్ని ఆశ్రయించి సర్ది చెప్పమని కోరిన బానిసను పారిపోయినవాడిగా లెక్కించనక్కరలేదని రోమన్ న్యాయవేత్తలు కొందరు అభిప్రాయపడ్డారు. దాన్ని బట్టి ఒనేసిము పౌలును వెతుక్కుంటూ కావాలనే వచ్చి ఉంటాడని నేటి పండితులు కొందరు అంటారు. ఏ దారిన వచ్చినా, పౌలు చెరలో ఉండగా కలిశాడు, అక్కడే విశ్వాసి అయ్యాడు. ఆ చెర రోమాలోనా, ఎఫెసులోనా, కైసరయలోనా అన్నది తేలని వాదం. ఇప్పుడతను తిరిగి వెళ్లాలి. వెళ్లాక ఏం జరుగుతుందన్నది యజమాని ఇష్టం. కొరడా దెబ్బలు, నుదుటి మీద వాత, మరొకరికి అమ్మేయడం, అన్నిటికీ చట్టం ఒప్పుకుంటుంది.

ఉత్తరంలో పనితనం మొదటి వరుస నుంచే మొదలవుతుంది. చాలా పత్రికల్లో పౌలు తనను అపొస్తలుడిగా పరిచయం చేసుకుంటాడు. ఇక్కడ ఆ బిరుదు తీసి పక్కన పెట్టి, క్రీస్తు కోసం ఖైదీనైనవాణ్ని అని మొదలుపెడతాడు. పక్కన తిమోతి పేరు. ఉత్తరం అందుకునేవాళ్లలో ముందు ఫిలేమోను, ఆ తర్వాత అప్ఫియ (ఫిలేమోను భార్య కావచ్చు), అర్ఖిప్పు, చివర ఆ ఇంట్లో కూడే సంఘమంతా. అంటే విషయం ఒకరిది, వినేవాళ్లు చాలామంది. ఆ రోజుల్లో ఉత్తరమంటే పైకి చదివి వినిపించేది కదా.

ఈ ఏర్పాటును సర్వనామాలు ఎలా మోస్తాయో తెలుగు బైబిలు ముందు పెట్టుకున్నా కనిపిస్తుంది. మూడో వచనంలో దీవెన అందరికీ: 'మీకు'. నాలుగో వచనం నుంచి మాట ఒక్కడితోనే: 'నీ', 'నిన్ను', 'నీవు'. ఈ ఏకవచనం దాదాపు చివరి దాకా సాగి, 22వ వచనంలో ప్రార్థనల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ 'మీ' అవుతుంది. ముగింపు దీవెన కూడా బహువచనమే. చుట్టూ సంఘం కూర్చుని ఉంది, మధ్యలో ఇద్దరి సంభాషణ నడుస్తోంది. నిర్ణయం ఫిలేమోనుదే, దాన్ని ఇంకెవరూ అతని తరఫున తీసుకోలేరు. కానీ ఏ నిర్ణయం తీసుకున్నాడో అందరికీ తెలుస్తుంది. ఇది మర్యాదా, ఒత్తిడా? రెండూనని నా అనుమానం. ఆ రెంటినీ ఒకే అల్లికలో ఎలా నడిపాడన్నదే చూడవలసిన నేర్పు.

తర్వాత కృతజ్ఞత. ఆ కాలపు ఉత్తరాల్లో పలకరింపు తర్వాత ఒక మంచిమాట చెప్పడం రివాజు. పౌలు ఆ రివాజులోనే తనకు కావలసిన విత్తనం నాటేస్తాడు. నీ వల్ల విశ్వాసుల మనసులు సేదదీరాయని ఏడో వచనంలో మెచ్చుకుంటాడు. అక్కడ మనసుకు వాడిన గ్రీకు మాట నిజానికి కడుపులోని పేగులను, అక్కడ పుట్టే మమకారాన్ని చెప్పేది. పేగుబంధం అనే మనకు దాన్ని వేరే విప్పి చెప్పనక్కరలేదు. పన్నెండో వచనంలో అదే మాట మళ్లీ వస్తుంది, ఈసారి ఒనేసిమును చూపిస్తూ: వీడు నా పేగు. ఇరవయ్యో వచనంలో మూడోసారి: నా మనసుకు సేద కలిగించమని అడుగుతాడు. మూడింటినీ వరుసగా పెట్టి చూడండి. అందరి మనసులకూ సేద ఇచ్చేవాడివి నువ్వు. ఇదిగో, నా మనసు ఈ మనిషి. మరి నా మనసుకు? ఎక్కడా వాదన చేసినట్టు ఉండదు. ఒకే దారాన్ని మూడు చోట్ల పైకి తేల్చి మిగతా చోట లోపల నడిపాడు. మొదటి కుట్టు పడినప్పుడు ఫిలేమోనుకు సంతోషం తప్ప మరేమీ తోచి ఉండదు.

ఇక అసలు సంగతి ఎత్తుకోవాలి. ఎత్తుకునే ముందు పౌలు ఒక అధికారాన్ని చూపించి, వాడనంటాడు. ఆజ్ఞాపించగల చనువు ఉన్నా ప్రేమ కొద్దీ బతిమాలుతున్నానని, అదీ వయసు మీరినవాణ్ని, పైగా ఖైదీని అని గుర్తు చేస్తాడు. ఆ తర్వాత పదో వచనం. గ్రీకులో ఆ వాక్యం నడిచే తీరు చూడాలి: బతిమాలుకుంటున్నాను, నా బిడ్డ గురించి, సంకెళ్లలో ఉండగా నాకు పుట్టినవాడి గురించి. వాక్యం చిట్టచివరి మాటగా, ఒనేసిము. అప్పటిదాకా ఉత్తరంలో ఆ పేరు లేదు. ఆ పేరు వినగానే ఫిలేమోను మొహం ముడుచుకుంటుందని పౌలుకు తెలుసు. అందుకే పేరు చెవిన పడే లోపు దాని ముందు 'బిడ్డ' అన్న మాట నిలబెట్టాడు. ఇంటి నుంచి వెళ్లినవాడు బానిస, తిరిగి వచ్చేవాడు పౌలు కొడుకు. కోపం పాత మనిషి మీద ఉంది. దాన్ని చూపించుకోవడానికి ఆ పాత మనిషి ఇప్పుడు గుమ్మంలో లేడు.

వెంటనే ఒక చమత్కారం. ఒనేసిము అంటే పనికొచ్చేవాడు. ఆ రోజుల్లో బానిసలకు తరచుగా పెట్టే పేరు. ఒకప్పుడు నీకు పనికిరానివాడు, ఇప్పుడు నీకూ నాకూ పనికొచ్చేవాడు అంటాడు పౌలు. నేరాన్ని ఇంత తేలిక చేయడమేమిటని అనిపించవచ్చు. నాకు తోచేదేమంటే, ఒనేసిము ఇచ్చిన కష్టాన్ని పౌలు దాచడం లేదు. 'పనికిరానివాడు' అని మొహమాటం లేకుండా ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే దాన్ని 'ఒకప్పుడు' అన్న గడిలో పెట్టి మూశాడు. జరిగిపోయిన తప్పును ఒప్పుకోకపోతే ఫిలేమోను రెండో వాక్యం వినడు. అక్కడే ఆపేస్తే ఒనేసిము గడప దాటలేడు.

13, 14 వచనాల్లో ఇంకో జాగ్రత్త. ఒనేసిమును తన దగ్గరే ఉంచుకోవాలని పౌలుకు ఉంది. ఫిలేమోను కాదనడని కూడా తెలుసు. అయినా పంపిస్తున్నాడు, ఎందుకంటే ఆ మేలు బలవంతాన జరిగినట్టు ఉండకూడదు, మనసారా జరగాలి. అడక్కుండా పుచ్చుకుని తర్వాత చెబితే, అవతలివాడు ఊరుకుంటాడేమో గాని క్షమించడు. ఆ రెంటికీ మధ్య దూరం తెలిసినవాడు కనుకనే బిడ్డ అన్నవాణ్ని అంత దూరం నడిపిస్తున్నాడు.

పదిహేనో వచనంలో క్రియ ఒకటి ఉంది. ఒనేసిము పారిపోయాడనడు పౌలు. కొంతసేపు నీ నుంచి వేరు చేయబడ్డాడు అంటాడు. కర్త కనబడని వాక్యం. ఎప్పటికీ నీవాడుగా దొరకడానికే ఇలా జరిగిందేమో అన్న సూచన దాని వెంట వస్తుంది. యోసేపు కథ తెలిసినవాళ్లకు ఈ మలుపు కొత్తది కాదు. అన్నలు తనను అమ్మేసిన దానిలో దేవుని పంపకాన్ని చూసి వాళ్లను ఓదార్చాడు అతను. కానీ యోసేపు దెబ్బ తిన్నవాడు. ఆ మాట అనడానికి అతనికి హక్కుంది. పౌలు మధ్యవర్తి. దెబ్బ తిన్నవాడి ముందు నిలబడి, ఇదంతా దేవుడి ఏర్పాటే లెమ్మని మూడో మనిషి అంటే పుండు మీద కారమే. చావింట్లో పరామర్శకు వచ్చినవాళ్లు ఈ తప్పు రోజూ చేస్తుంటారు. అందుకే పౌలు వాక్యం ఒక మాటతో మొదలవుతుంది: బహుశా. ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట అదే. దేవుడి ఉద్దేశాన్ని తాను తేల్చడు, ఫిలేమోను తానుగా అక్కడికి చేరడానికి తలుపు ఓరగా తీసి పెడతాడు.

ఇంతవరకూ ఒక్క ఆజ్ఞార్థక క్రియ రాలేదు. పదహారు వచనాలు గడిచాక, బానిసగా కాదు, ప్రియమైన తమ్ముడిగా అని చెప్పాక, పదిహేడులో మొదటిది వస్తుంది: అతణ్ని చేర్చుకో, నన్ను చేర్చుకున్నట్టు. దాని ముందు ఒక షరతు, నన్ను నీ భాగస్వామిగా ఎంచుతున్నావా అని. విశ్వాసంలో పాలుపంచుకోవడానికీ, వ్యాపారంలో పొత్తుకూ కూడా వాడే మాట అది. ఆ మాట తర్వాత వాక్యాల్లో ఖాతా పుస్తకం తెరవడానికి దారి వేస్తుంది.

పద్దెనిమిదో వచనం: నీకు నష్టం చేసి ఉంటే, బాకీ ఉంటే, నా పద్దులో రాసుకో. పంతొమ్మిది: పౌలనే నేను నా చేత్తో రాస్తున్నాను, నేను తీరుస్తాను. పౌలు తన ఉత్తరాలను సాధారణంగా చెప్పి రాయించేవాడు. రోమా పత్రిక రాసిన తెర్తియు తన పేరు అందులోనే చెప్పుకున్నాడు. ఇక్కడ పౌలు కలం తాను పుచ్చుకున్నాడు. ఆనాటి అప్పు పత్రాలకు బాకీదారు స్వదస్తూరీయే ఆధారం. పేరు, స్వహస్తం, తీరుస్తానన్న హామీ, మూడూ ఈ వచనంలో ఉన్నాయి. మన ప్రోనోటు మీద చేవ్రాలులాగే ఇది చెల్లే కాగితం. ఉత్తరం మధ్యలో ఒక చోట ఉత్తరం ఆగిపోయి దస్తావేజు అయింది.

దీని విలువేమిటో ఆలోచించండి. రాసిచ్చినవాడు ఖైదీ. డేరాలు కుట్టి బతికిన మనిషి. ఆస్తి ఉన్న దాఖలా లేదు. మొత్తం కూడా వేయలేదు, ఎంతైతే అంత అన్నట్టు అంకె ఖాళీగా వదిలాడు. కానీ ఈ కాగితం వల్ల ఒక పని జరిగింది. నష్టం జరగలేదని ఫిలేమోను నటించనక్కర లేకుండా పోయింది. పోనీలే మర్చిపో అని మనం రాజీ చేసే చోట్ల, దెబ్బ తిన్నవాడి లెక్కను లెక్కగా గుర్తించకపోవడం వల్లే సగం రాజీలు నెల తిరక్కుండా తెగిపోతాయి. పౌలు లెక్కను కొట్టేయలేదు. ఒకరి పేరు మీద ఉన్న పద్దును ఇంకొకరి పేరు మీదికి మార్చాడు. యేసు నేర్పిన ప్రార్థనలోనూ, ఆయన చెప్పిన దయలేని సేవకుడి ఉపమానంలోనూ పాపానికి అప్పు అనే లెక్క ఉంది. ఆ అప్పు క్రీస్తు తన మీద వేసుకున్నాడన్నది క్రైస్తవ విశ్వాసం. ఈ ఉత్తరంలో ఆ బోధ ఒక్క ముక్క కూడా లేదు. ఆ పని మాత్రం చేసి చూపించాడు. మనమందరం ఒనేసిములమేనని లూథరు అన్నది దీన్ని చూసే.

చేవ్రాలు చేసిన చేత్తోనే పౌలు ఇంకో వాక్యం రాశాడు. నీ ప్రాణమే నాకు బాకీ అని నేను చెప్పడం లేదు, అని. చెప్పనంటూ చెప్పేయడం మన పెద్దమనుషులకూ కొట్టిన పిండే. ఫిలేమోను పౌలు ద్వారానే విశ్వాసంలోకి వచ్చినవాడు. కనుక ఖాతాకు రెండు వైపులా పద్దులున్నాయి. లెక్క కడితే ఎవరు ఎవరికి బాకీ పడతారో తేలిక. బలవంతం వద్దని పద్నాలుగులో అన్నవాడు పంతొమ్మిదిలో ఇంత బిగించవచ్చునా? ఉత్తరం అతుకు కొంచెం పైకి లేచి కనిపించే చోటు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. సమర్థించేవాళ్లు అనేదీ కొట్టిపారేయలేనిదే: తనకు మాఫీ అయిన అప్పు గుర్తున్నవాడే ఇంకొకరికి మాఫీ చేయగలడు.

మిగిలిన రెండు ఆజ్ఞార్థకాల్లో ఒకటి సేద కలిగించమన్నది, మన దారం మూడో కుట్టు. రెండోది చూడ్డానికి మామూలు మాట: నాకు బస సిద్ధం చేసి ఉంచు. విడుదలై వస్తానన్న ఆశ అందులో ఉంది. ఒనేసిము ఎలా ఉన్నాడో తన కళ్లతో చూస్తానన్న కబురు కూడా ఉంది. బెదిరింపు అనడానికి వీల్లేదు, ఆతిథ్యం అడిగాడు. ఆ తర్వాత శుభాకాంక్షలు చెప్పినవారిలో ముందు పేరు ఎపఫ్రాది, కొలొస్సయి వాళ్లకు సువార్త చెప్పినవాడు. వెనక మార్కు, అరిస్తార్కు, దేమా, లూకా. సాక్షి సంతకాలు ఐదు అనుకోవచ్చు.

ఈ అమరిక ఎంత అరుదైనదో తెలియాలంటే ఓ యాభై ఏళ్ల తర్వాత రోమన్ రచయిత ప్లీనీ రాసిన ఉత్తరం పక్కన పెట్టాలి. అతని ఉత్తరాల తొమ్మిదో సంపుటంలో ఉంది. సబినియానుస్ అనే స్నేహితుడు, బానిసత్వం నుంచి విడుదలైన తన మనిషి మీద కోపంగా ఉన్నాడు. ఆ మనిషి వచ్చి ప్లీనీ కాళ్ల మీద పడ్డాడు. చాలా ఏడ్చాడని, నిజంగా మారాడని నమ్ముతున్నానని ప్లీనీ రాస్తాడు. నీ కోపం న్యాయమైనదే, అతని వయసు చూసి, కన్నీళ్లు చూసి మెత్తబడు. కోపంతో నిన్ను నువ్వే బాధించుకుంటున్నావు. అతణ్ని గట్టిగా చీవాట్లు పెట్టానని, ఇంకెప్పుడూ అతని తరఫున అడగనని హెచ్చరించానని కూడా చెబుతాడు. చక్కని ఉత్తరం, పని చేసింది కూడా. అదే సంపుటంలో కృతజ్ఞత చెబుతూ రాసిన మరో ఉత్తరం ఉంది. పౌలు దగ్గర లేనివి ఇందులో ఉన్నాయి: కన్నీళ్లు, చీవాట్లు, మళ్లీ అడగనన్న హద్దు. ఇందులో లేనిది పౌలు దగ్గర ఉంది. ప్లీనీ తన పద్దులో ఏమీ రాసుకోలేదు. కోపం చల్లారాక ఆ ఇంట్లో ఎవరి స్థానం ఎక్కడో అది అక్కడే ఉంటుంది.

మరి ఒనేసిము పశ్చాత్తాపం ఎక్కడ? పౌలు ఉత్తరంలో అతను ఒక్క మాట మాట్లాడడు. ఏడ్చాడనీ లేదు, మన్నించమన్నాడనీ లేదు. తప్పు ఒప్పుకోవడమంటే మాటలు పలకడమే అనుకుంటే ఇది లోటే. కానీ ఆ ఉత్తరం కొలొస్సయికి చేరాలంటే అతను వెళ్లాలి. కొలొస్సయి పత్రికను బట్టి పౌలు సహచరుడు తుకికు తోడుగా ఉన్నట్టు కనిపిస్తుంది. తన మీద పద్దు ఉందని రాసిన కాగితం వెంట, తనను కొట్టే హక్కున్న మనిషి ఇంటికి నడిచి వెళ్లినవాడికి ఒప్పుకోలు మాటలు వేరే కావాలా? పౌలు అతని తరఫున ఏడవకపోవడంలో ఒక గౌరవం ఉందని నాకనిపిస్తుంది. ఫిలేమోనుకు చెప్పుకోవలసిందేదైనా ఉంటే అది ఒనేసిము నోటితోనే చెప్పుకోవడానికి చోటు మిగిల్చాడు.

'క్షమించు' అన్న క్రియ కూడా ఆ అర్థంలో ఈ ఉత్తరంలో ఎక్కడా లేదు. విడుదల చేయి అన్న మాటా లేదు, అడిగినదానికంటే ఎక్కువే చేస్తావని తెలుసు అన్న సూచన తప్ప. ఆ మౌనానికి చరిత్ర పెద్ద ధర చెల్లించింది. అమెరికాలో పారిపోయిన బానిసలను తిరిగి అప్పగించాలన్న 1850 నాటి చట్టాన్ని సమర్థించినవాళ్లు, పౌలు కూడా తిప్పి పంపించాడు కదా అన్నారు. అంతకు ముందే జార్జియాలో చార్లెస్ కాల్కాక్ జోన్స్ అనే ప్రసంగీకుడు బానిసల కూటంలో ఫిలేమోను పత్రిక తీసుకుని, పారిపోవడం తప్పని బోధిస్తే, వింటున్నవాళ్లలో సగం మంది లేచి వెళ్లిపోయారని ఆయనే రాసుకున్నాడు. వెళ్లినవాళ్లు ఉత్తరాన్ని ఆయనకంటే బాగా అర్థం చేసుకున్నారని నా అభిప్రాయం. యజమానికి రాసిన ఉత్తరాన్ని బానిసకు చదివి వినిపించడం, ఏ మనిషి కోపాన్ని దించడానికి ఇది తయారైందో ఆ మనిషిని వదిలేసి రెండో మనిషి మెడ మీద పెట్టడం. నేడు ఏ గొడవలోనైనా దెబ్బ తిన్నవాణ్ని పట్టుకుని నువ్వే సర్దుకో అనేవాళ్లు చేసేదీ అదే. అలా అనేవాళ్ల చేతిలో ప్రోనోటు ఉండదు.

ఫిలేమోను ఏం చేశాడో చెప్పే జవాబు మిగల్లేదు. ఉత్తరం మిగిలింది. పేరు పెట్టి అందరి ముందు అడిగిన ఉత్తరాన్ని, చేయనని నిశ్చయించుకున్నవాడు దాచుకుని నకళ్లు తీయనిస్తాడా అన్న ప్రశ్న పాతదే, బలమైనదే. 2వ శతాబ్దం నాటికి మార్కియోను చేసిన పౌలు పత్రికల సంపుటిలో ఇది చేరిపోయింది. జర్మనీలోని కొలోన్‌లో ఉన్న ఒక పపైరస్ ముక్క మీద 13 నుంచి 15 వచనాల భాగాలు, చివరి రెండు వచనాల భాగాలు ఉన్నాయి. దొరికిన ప్రతుల్లో అత్యంత పాతవాటిలో అది ఒకటి. 2వ శతాబ్దం తొలినాళ్లలో అంతియొకయ ఇగ్నేషియస్ ఎఫెసు సంఘానికి రాస్తూ వాళ్ల బిషప్పును పేరు పెట్టి పొగిడాడు. ఆ బిషప్పు పేరు ఒనేసిము. ఇద్దరూ ఒకరేనని, పౌలు పత్రికలను పోగు చేసినవాడు ఇతనే అయి ఉంటాడని, అందుకే తన చిన్న ఉత్తరం కూడా వాటిలో చేరిందని 1935లో జాన్ నాక్స్ అనే పండితుడు వాదించాడు. రుజువు లేదు. బానిసల్లో ఆ పేరు వందల మందికి ఉండేది.